పని ముగిసేదాకా ల్యాప్‌టాప్‌ను మేలుకొల్పి ఉంచే సాధనాలు: ఏది ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

ల్యాప్‌టాప్‌ను నిద్రపోనివ్వకుండా చేయడం పెద్ద విద్యేమీ కాదు. సెట్టింగ్స్‌లో స్లీప్ ఎదురుగా ‘నెవర్’ అని పెడితే చాలు. తంటా అంతా ఆ తర్వాతే. డౌన్‌లోడ్ రాత్రి 2 గంటలకే అయిపోయినా మెషిన్ పొద్దుటిదాకా ఊరికే వేడెక్కుతూ కూర్చుంటుంది. బ్యాటరీ వైపు కూడా అదే పెట్టి ఉంటే, వారం తర్వాత ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద వాడుతున్నప్పుడూ ఆ ‘నెవర్’ అక్కడే ఉంటుంది, పెట్టినవాళ్లకే అది గుర్తుండదు. మేలుకొల్పి ఉంచడం ఈ సాధనాలన్నీ ఎలాగూ చేస్తాయి. పని అయిపోగానే ఎవరూ చెప్పకుండానే పక్కకు తప్పుకునేవి ఏవి? ఈ సమీక్షలో మార్కులన్నీ దానికే.

ఒక మాట ముందే. కమాండ్లను ఇక్కడ పలికినట్టుగా తెలుగులో రాశాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ను ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరవాలి, లేకపోతే వీటిలో కొన్ని పనిచేయవు.

ఏదైనా ఇన్‌స్టాల్ చేసే ముందు

స్క్రీన్ ఆరిపోవడం వేరు, లాక్ పడటం వేరు, స్లీప్ వేరు. మామూలుగా మొదటి రెండింటిలో ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది. స్లీప్‌లోకి వెళ్తేనే ఆగుతుంది. ‘స్క్రీన్ ఆరిపోయింది, డౌన్‌లోడ్ ఆగిపోయి ఉంటుంది’ అనుకుని రాత్రంతా స్క్రీన్ వెలిగించి ఉంచేవాళ్లు చాలామంది. అందులో లాభం ఏమీ లేదు, బ్యాటరీ మాత్రం త్వరగా ఖర్చవుతుంది. స్క్రీన్‌ను ఆరనివ్వండి, విండోస్ కీతో పాటు ఎల్ నొక్కి లాక్ కూడా చేయండి. ఆపాల్సింది స్లీప్‌ను మాత్రమే.

రెండో సంగతి, మీ ప్రోగ్రామే ఈ పని ఇప్పటికే చేస్తూ ఉండవచ్చు. క్యూబిట్‌టొరెంట్ ఆప్షన్స్‌లో బిహేవియర్ కింద పవర్ మేనేజ్‌మెంట్ భాగం ఉంది. టొరెంట్లు దిగుతున్నంతసేపు సిస్టమ్‌ను స్లీప్‌కు వెళ్లనివ్వకు అనే టిక్ అక్కడే ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ వీడియో మారుస్తున్నంతసేపు స్లీప్‌ను తానే ఆపుతుంది. పైగా పని ముగిశాక సిస్టమ్‌ను స్లీప్‌కు పంపాలా, షట్‌డౌన్ చేయాలా అని అడిగే ‘వెన్ డన్’ ఆప్షన్ కూడా ఇస్తుంది. అలాంటి ప్రోగ్రామ్‌ల పక్కన ఇంకో సాధనం పెట్టడం దండగ.

విండోస్‌లో ఎవరు ఆపుతున్నారో, అసలు ఎవరైనా ఆపుతున్నారో చూడటానికి ఈ కమాండ్:

పవర్‌సీఎఫ్‌జీ /రిక్వెస్ట్స్

డిస్‌ప్లే, సిస్టమ్, అవేమోడ్, ఎగ్జిక్యూషన్ వంటి శీర్షికలు వరుసగా వస్తాయి. అన్నింటి కింద ‘నన్’ అని ఉంటే స్లీప్‌ను ఎవరూ ఆపడం లేదన్నమాట. సిస్టమ్ కింద మీ ప్రోగ్రామ్ పేరు కనిపిస్తే అది తన పని తాను చూసుకుంటోంది. ‘యాన్ ఆడియో స్ట్రీమ్ ఈజ్ కరెంట్లీ ఇన్ యూజ్’ అని ఏదైనా డ్రైవర్ పేరు కింద వస్తే శబ్దం ఏదో నడుస్తోందని అర్థం. కొన్ని మెషిన్లు అసలు నిద్రే పోకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. కింద చెప్పే ఏ సాధనాన్ని పెట్టినా, ఆన్ చేశాక ఒకసారి ఈ కమాండ్ కొట్టండి. దాని పేరు సిస్టమ్ కింద కనిపించాలి. కనిపించకపోతే టాస్క్‌బార్ మూలన ఉండే ట్రేలో ఐకాన్ ఎంత ముద్దుగా ఉన్నా అది పనిచేయడం లేదు, లేదా వేరే దొడ్డిదారిలో పనిచేస్తోంది. ఆ దొడ్డిదారి సంగతి కెఫీన్ దగ్గర చెబుతాం.

ఇంకొకటి:

పవర్‌సీఎఫ్‌జీ /ఎ

మీ ల్యాప్‌టాప్‌కు ఏ రకం స్లీప్ ఉందో ఇది చెబుతుంది. ‘ఎస్3’ అని వస్తే పాత తరహా. ర్యామ్‌కు తప్ప మిగతా అన్నింటికీ దాదాపు కరెంటు ఆగుతుంది. ‘ఎస్0 లో పవర్ ఐడిల్’ అని వస్తే మోడర్న్ స్టాండ్‌బై. ఫోన్ లాగా సగం మెలకువలో ఉంటుంది, వైఫై కూడా కలిసే ఉండవచ్చు. ‘మెయిల్ వస్తోంది కదా, నా వీడియో రెండర్ కూడా నడుస్తుందిలే’ అనుకుంటే పొరపాటు. ఆ స్థితిలో మామూలు డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లను డెస్క్‌టాప్ యాక్టివిటీ మోడరేటర్ అనే భాగం నిలిపి ఉంచుతుంది. ఈ తేడా ముందు ముందు మళ్లీ అడ్డొస్తుంది.

పవర్‌టాయ్స్ అవేక్

విండోస్ వాళ్లకు మొదట చెప్పాల్సింది ఇదే. మైక్రోసాఫ్ట్ ఉచితంగా, ఓపెన్ సోర్స్‌గా ఇచ్చే పవర్‌టాయ్స్ సంచిలో 2021లో చేరింది. స్లీప్ గడువులు ఉండే పవర్ ప్లాన్‌ను ఇది ముట్టుకోదు. నడుస్తున్నంతసేపు ‘సిస్టమ్ అవసరం ఉంది’ అని విండోస్‌కు చెబుతూ ఉంటుంది, ఆపగానే మీ పాత సెట్టింగ్‌లే అమల్లోకి వస్తాయి. ‘నెవర్’ పెట్టి మరిచిపోవడంతో పోలిస్తే ఇక్కడే సగం గెలుపు.

సెట్టింగ్స్ తెరలోనూ, ట్రేలోని కాఫీ కప్పు ఐకాన్ మీద కుడి క్లిక్ చేసినా మోడ్‌లు కనిపిస్తాయి. ఎంచుకున్న పవర్ ప్లాన్ ప్రకారం నడవడం అంటే ఆఫ్‌తో సమానం. తర్వాతవి: ఎప్పటికీ మెలకువ, ఇన్ని గంటల ఇన్ని నిమిషాలు మెలకువ, ఫలానా తేదీ ఫలానా సమయం దాకా మెలకువ. ‘కీప్ స్క్రీన్ ఆన్’ అన్నది విడి స్విచ్. బ్యాక్‌గ్రౌండ్ పనికి దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి.

ఎప్పటికీ మెలకువ అనే మోడ్‌కు మాత్రం మార్కులు కోయాల్సిందే. ఆ ఎంపిక సెట్టింగ్స్‌లో నిలిచిపోతుంది. పవర్‌టాయ్స్ స్టార్టప్‌లో లేచే విధంగా ఉంటే, రీబూట్ చేసినా మళ్లీ అదే మోడ్‌లో లేచి కూర్చుంటుంది. అంటే మనం వద్దనుకున్న ‘నెవర్’ కాఫీ కప్పు బొమ్మ పెట్టుకుని వెనక గుమ్మంలోంచి వచ్చినట్టే. డౌన్‌లోడ్‌కు 3 గంటలు పడుతుందనిపిస్తే 4 గంటల టైమర్ పెట్టండి. గడువు అయ్యాక అదే విడిచిపెడుతుంది.

అవేక్‌లో అసలు బలం మాత్రం ఆ సెట్టింగ్స్ తెరలో కనిపించదు. పవర్‌టాయ్స్ ఫోల్డర్‌లో ఉన్న ‘పవర్‌టాయ్స్.అవేక్.ఈఎక్స్‌ఈ’ని కమాండ్ లైన్ నుంచి నేరుగా నడిపితే, ఏదైనా ఒక ప్రోగ్రామ్‌కు దాన్ని ముడిపెట్టవచ్చు:

పవర్‌టాయ్స్.అవేక్.ఈఎక్స్‌ఈ --పీఐడీ 8124 --డిస్‌ప్లే-ఆన్ ఫాల్స్

8124 స్థానంలో మీ ప్రోగ్రామ్ ప్రాసెస్ నంబర్ రావాలి. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కు వెళ్తే పేరు పక్కనే పీఐడీ వరుసలో ఉంటుంది. ఆ ప్రాసెస్ ముగిసిన క్షణాన అవేక్ కూడా ముగుస్తుంది, ల్యాప్‌టాప్ మామూలుగా నిద్రపోతుంది. ప్రోగ్రామ్‌ను బట్టి కాకుండా సమయాన్ని బట్టి కావాలంటే ‘--టైమ్-లిమిట్’ తర్వాత సెకన్లు ఇవ్వాలి. 4 గంటలకు 14400. నిమిషాలనుకుని 240 ఇస్తే 4 నిమిషాల్లో వదిలేస్తుంది, ఈ పొరపాటు చాలా తేలిగ్గా జరుగుతుంది. ఇలా విడిగా నడిపినప్పుడు పవర్‌టాయ్స్ తెరలో మార్పులు చేసినా దీనికి పట్టవు. పట్టాలంటే ‘--యూజ్-పీటీ-కాన్ఫిగ్’ జోడించాలి.

ప్రాసెస్ నంబర్‌తో కట్టేయడం బాగానే ఉంటుంది గానీ, కట్టేది సరైన గుంజకేనా అని చూసుకోవాలి. చాలా ప్రోగ్రామ్‌లలో మొదట లేచేది లాంచర్ మాత్రమే. అది అసలు పనివాడిని లేపి తాను పోతుంది. లాంచర్ నంబర్ ఇచ్చారంటే అవేక్ రెండు నిమిషాల్లోనే ఇంటికి వెళ్లిపోతుంది, రెండర్ నడుమలో ల్యాప్‌టాప్ నిద్రపోతుంది. పని మొదలైన కొద్దిసేపటికి టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వరుసను ఎక్కువ నుంచి తక్కువకు అమర్చి, పైన కనిపించే దాని నంబర్ తీసుకోవడం మేలు. దీనికి రివర్సు చిక్కూ ఉంది. బ్రౌజర్లు, క్లౌడ్ సింక్ ప్రోగ్రామ్‌లు, గేమ్ స్టోర్లు పని ముగిసినా మూసుకోవు, ట్రేలో అలా కూర్చునే ఉంటాయి. వాటి నంబర్‌కు కడితే అవేక్ ఎప్పటికీ వదలదు. అలాంటివాటికి టైమర్ ఒక్కటే దారి.

బ్యాటరీ మీద అయితే

ఇక్కడ ఏ సాధనాన్నీ తప్పుపట్టలేం, ఎందుకంటే నియమం విండోస్‌ది. మోడర్న్ స్టాండ్‌బై ఉన్న ల్యాప్‌టాప్ ఛార్జర్ లేకుండా నడుస్తుంటే, స్లీప్ గడువు దాటిన 5 నిమిషాలకు ప్రోగ్రామ్‌లు పెట్టుకున్న ‘సిస్టమ్ అవసరం’ అన్న విన్నపాలను విండోస్ కొట్టేస్తుంది. అవేక్ ట్రేలో వెలుగుతూనే ఉంటుంది, మెషిన్ మాత్రం నిద్రపోతుంది. ‘నిన్న పనిచేసింది, ఇవాళ చేయలేదు’ అనే ఫిర్యాదుల వెనక తరచుగా ఉండేది ఇదే. నిన్న ఛార్జర్ ఉంది, ఇవాళ లేదు. బ్యాటరీ మీద తప్పనిసరిగా నడపాలంటే బ్యాటరీ వైపు స్లీప్ గడువునే పెంచాలి:

పవర్‌సీఎఫ్‌జీ /చేంజ్ స్టాండ్‌బై-టైమౌట్-డీసీ 180

ఇక్కడ అంకె నిమిషాల్లో. ఛార్జర్ పెట్టి ఉన్నప్పటి గడువుకు డీసీ స్థానంలో ఏసీ అని రాయాలి. 0 ఇస్తే ‘నెవర్’ అని అర్థం. దాన్ని ఇవ్వకండి, పెద్ద అంకె ఇవ్వండి. మరిచిపోయినా ఏదో ఒక గంటకు నిద్రపోతుంది. బ్యాటరీ లెక్క కూడా ముందే వేసుకోండి. 50 వాట్-అవర్ బ్యాటరీ ఉన్న మెషిన్ పని చేస్తూ 15 వాట్లు లాగితే 3 గంటల 20 నిమిషాలకు మించి రాదు. 6 గంటల రెండర్‌ను దాని మీద పెట్టి లాభం లేదు.

కెఫీన్, డోంట్ స్లీప్, మౌస్ కదిపే పరికరాలు

ఝార్న్ సాఫ్ట్‌వేర్ వాళ్ల కెఫీన్ చాలా పాతది, చిన్నది, ఇన్‌స్టాల్ అక్కర్లేదు. తెరవగానే ఆన్‌లో ఉంటుంది. ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే కాఫీ పాత్ర ఖాళీ అవుతుంది, అంటే ఆఫ్; మళ్లీ చేస్తే నిండుతుంది. ఇది విండోస్‌కు విన్నపం పెట్టదు. 59 సెకన్లకు ఒకసారి ఎఫ్15 అనే కీ నొక్కినట్టు నటిస్తుంది. మామూలు కీబోర్డ్ మీద ఆ కీ ఉండదు కాబట్టి ఎక్కువ ప్రోగ్రామ్‌లు పట్టించుకోవు. ఎక్కువ అన్నాం గానీ అన్నీ అనలేదు. కమాండ్లు టైప్ చేసే కొన్ని టెర్మినల్ ప్రోగ్రామ్‌లలో దానికి బదులు టిల్డె (~) గుర్తు పడుతుంది. రాత్రంతా ఒక రిమోట్ సెషన్ తెరిచి ఉంచితే పొద్దున్నే కమాండ్ లైన్ నిండా టిల్డెలు కనిపిస్తాయి. ‘-ఎస్‌టీఈఎస్’ అనే స్విచ్‌తో మొదలుపెడితే కీ నొక్కడం మానేసి, విండోస్ పద్ధతిలోనే విన్నపం పెడుతుంది. ‘పవర్‌సీఎఫ్‌జీ /రిక్వెస్ట్స్’లో దీని పేరు కనిపించాలన్నా ఈ స్విచ్ ఉండాలి. ‘-ఎగ్జిట్‌ఆఫ్టర్:240’ అంటే 240 నిమిషాలకు తనంతట తాను మూసుకుంటుంది. ఇక్కడ లెక్క నిమిషాల్లో, అవేక్‌లో సెకన్లలో. రెండింటినీ వాడేవాళ్లు చూసుకోండి. పవర్‌టాయ్స్ లాంటి పెద్ద మూట వద్దనుకునేవాళ్లకు ఈ రెండు స్విచ్‌లతో కెఫీన్ ఇప్పటికీ సరిపోతుంది, స్విచ్‌లు లేకుండా అయితే వద్దు.

డోంట్ స్లీప్ కూడా ఇన్‌స్టాల్ అక్కర్లేనిదే. స్టాండ్‌బైతో పాటు షట్‌డౌన్, లాగాఫ్‌లను కూడా అడ్డుకుంటానంటుంది. టైమర్ కూడా ఉంది. పనితనం బాగుంది, తెర మాత్రం టిక్ పెట్టెలతో కిక్కిరిసి ఉంటుంది. ఏ టిక్ ఎప్పుడు పెట్టారో నెల తర్వాత మీకే అర్థం కాదు. ఒకే పనికి వాడి మూసేయగలిగినవాళ్లకు మాత్రమే.

యూఎస్‌బీకి గుచ్చే మౌస్ జిగ్లర్లు, మౌస్‌ను కదిపే ప్రోగ్రామ్‌లు బ్యాక్‌గ్రౌండ్ పనికి అస్సలు సరైనవి కావు. వాటికి పని ఎప్పుడు ముగిసిందో తెలియదు. స్క్రీన్ లాక్ కూడా పడకుండా చేస్తాయి, అంటే మీరు లేనప్పుడు మెషిన్ బార్లా తెరిచి ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అయితే ఐటీ విభాగం నిబంధనలకు విరుద్ధం కావచ్చు కూడా. పని నడవడానికి లాక్ తీయాల్సిన అవసరమే లేదని పైన చెప్పుకున్నాం.

మ్యాక్‌లో

ఈ విషయంలో మ్యాక్ వాళ్లకు పెట్టిపుట్టినంత సుఖం. 2012లో వచ్చిన మౌంటెన్ లయన్, అంటే 10.8 నుంచి ‘కెఫినేట్’ అనే కమాండ్ సిస్టమ్‌లోనే ఉంది. దానికి అప్పగించే తీరు చూడండి:

కెఫినేట్ -ఐ ఆర్‌సింక్ -ఎ సోర్స్/ డెస్టినేషన్/

ముందు కెఫినేట్, వెనకే మీ కమాండ్ (ఇక్కడ ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్). కమాండ్ నడిచినంతసేపే మెలకువ. పీఐడీ వెతకక్కర్లేదు, లాంచర్ గొడవ లేదు, టైమర్ అంచనా లేదు. మన గీటురాయి మీద నూటికి నూరు దీనికే. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్‌కైతే ‘కెఫినేట్ -ఐ -డబ్ల్యూ’ అని దాని ప్రాసెస్ నంబర్ ఇవ్వాలి. నంబర్ యాక్టివిటీ మానిటర్‌లో దొరుకుతుంది. సమయానికి ‘-టి’, సెకన్లలో. వెనక కమాండ్ ఇచ్చినప్పుడు మాత్రం ‘-టి’, ‘-డబ్ల్యూ’ రెండింటినీ అది లెక్కచేయదు.

మిగతా స్విచ్‌లలో ‘-డి’ స్క్రీన్‌ను ఆరనివ్వదు, ‘-ఎం’ డిస్క్‌ను పడుకోనివ్వదు. బయటి హార్డ్ డిస్క్‌కు బ్యాకప్ అయితే ‘-ఐఎం’ అని రెండూ కలిపి పెట్టుకోండి. ‘-ఎస్’ చూడటానికి బలమైనదిలా ఉంటుంది గానీ ఛార్జర్ ఉన్నప్పుడే చెల్లుతుంది. బ్యాటరీ మీద దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే పని నడుమలో ఆగుతుంది. ఏ స్విచ్ ఇవ్వకపోతే ‘-ఐ’ ఇచ్చినట్టే లెక్క.

టెర్మినల్ అంటే బెదిరేవాళ్లకు కీపింగ్‌యూఅవేక్ ఉంది. ఓపెన్ సోర్స్. లోపల నడిచేది ఇదే కెఫినేట్, పైన మెనూ బార్‌లో ఒక కప్పు బొమ్మ. బ్యాటరీ ఫలానా శాతం కిందికి దిగితే ఆపెయ్ అనే సౌకర్యం ఉండటం దీని మంచి గుణం. అంతకుమించి కావాలంటే మ్యాక్ యాప్ స్టోర్‌లో ఉచితంగా దొరికే ఆంఫెటమీన్. దీని పేరు మందు పేరులా ఉందని 2020 చివర్లో ఆపిల్ అభ్యంతరం చెప్పి, స్టోర్ నుంచి తీసేస్తామని హెచ్చరించి, కొద్ది రోజులకే వెనక్కి తగ్గింది. ఫలానా యాప్ నడిచినంతసేపు, ఫలానా ఫైల్ దిగుతున్నంతసేపు, ఫలానా సమయం దాకా అని సెషన్లు పెట్టుకోవచ్చు. ఫైల్ దిగుతున్నంతసేపు అనేది బ్రౌజర్ డౌన్‌లోడ్‌ల కోసమే పుట్టిన ఆప్షన్. విండోస్ వైపు ప్రాసెస్ నంబర్‌తో కుదరని ముడి ఇక్కడ చక్కగా కుదురుతుంది. ట్రిగ్గర్లు పెడితే ఛార్జర్ గుచ్చినప్పుడు, ఫలానా వైఫైలో ఉన్నప్పుడు దానంతట అదే మొదలవుతుంది. అవి ఎక్కువైన కొద్దీ ఏది ఎందుకు మేలుకొని ఉందో తెలుసుకోవడం కష్టమవుతుంది, కాబట్టి రెండు మూడుకు మించనివ్వకండి. అనుమానం వస్తే టెర్మినల్‌లో:

పీఎంసెట్ -జి అసర్షన్స్

ఎవరు పట్టుకుని ఉన్నారో పేరు, ప్రాసెస్ నంబర్‌తో సహా వస్తుంది.

ఏమీ వద్దు, ఛార్జర్ మీద ఉంటే నిద్రపోకుండా ఉంటే చాలనుకుంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ, దాని కింద ఆప్షన్స్‌లో, స్క్రీన్ ఆరినప్పుడు పవర్ అడాప్టర్ మీద ఆటోమేటిక్ స్లీప్‌ను ఆపే స్విచ్ ఉంది. ఛార్జర్ తీస్తే దాని పట్టు పోతుంది కాబట్టి విండోస్ ‘నెవర్’ అంత ప్రమాదం కాదు.

లినక్స్‌లో

ఇక్కడా కెఫినేట్ పోలికదే: సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్.

సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్ --వాట్=ఐడిల్:స్లీప్ --వై="బ్యాకప్" ఆర్‌సింక్ -ఎ సోర్స్/ డెస్టినేషన్/

కమాండ్ ముగియగానే పట్టు వదిలేస్తుంది. ‘సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్ --లిస్ట్’ కొడితే ఎవరెవరు ఏ కారణంతో ఆపుతున్నారో పట్టిక వస్తుంది. ‘--వై’ దగ్గర రాసిన కారణం అందులో కనబడుతుంది కాబట్టి అర్థమయ్యేలా రాయండి. గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ‘గ్నోమ్-సెషన్-ఇన్‌హిబిట్ --ఇన్‌హిబిట్ ఐడిల్:సస్పెండ్’ అని ఇంకో కమాండ్ ఉంది. పైదానితో ఐడిల్ నిద్ర, అంటే ఎవరూ ముట్టుకోనప్పుడు వచ్చే నిద్ర, ఆగకపోతే దీన్ని వాడండి. కేడీఈ డెస్క్‌టాప్‌లో బ్యాటరీ ఐకాన్ నొక్కితేనే స్లీప్, స్క్రీన్ లాక్ ఆపే స్విచ్ కనిపిస్తుంది. స్విచ్ అన్నాక ఆపడం మీ బాధ్యతే.

టీమక్స్, నోహప్‌ల సంగతి కూడా చెప్పాలి. ఇవి టెర్మినల్ మూసినా పని కొనసాగేలా చేస్తాయే తప్ప స్లీప్‌ను ఆపవు. టీమక్స్‌లో పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది.

స్లీప్ టార్గెట్‌లను ‘సిస్టమ్‌సీటీఎల్ మాస్క్’తో శాశ్వతంగా మూసేసే చిట్కా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఇంట్లో మూలన సర్వర్‌గా పెట్టిన పాత ల్యాప్‌టాప్‌కు సరే. రోజూ చేత పట్టుకు తిరిగే దానికి వద్దు.

మూత వేస్తే

ఇంతవరకు చెప్పిన అవేక్, కెఫీన్, కెఫినేట్ అన్నీ మూత ముందు ఓడిపోతాయి. కావాలనే అలా కట్టారు. మూత వేయడం, పవర్ బటన్ నొక్కడం, మెనూలో స్లీప్ ఎంచుకోవడం అంటే మనిషి స్వయంగా పడుకోమని చెప్పడం. దాని ముందు ప్రోగ్రామ్‌ల విన్నపాలు చెల్లవు.

విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ‘చూజ్ వాట్ క్లోజింగ్ ద లిడ్ డజ్’ దగ్గర ‘ప్లగ్డ్ ఇన్’ వరుసలో మాత్రమే ‘డు నథింగ్’ పెట్టి సేవ్ చేయండి. ‘ఆన్ బ్యాటరీ’ వరుసను స్లీప్‌లోనే వదిలేయండి. సంచిలో మెలకువగా ఉన్న ల్యాప్‌టాప్ గాలి ఆడక కాగిపోతుంది, బ్యాటరీకి అది హాని. మ్యాక్‌లో ఛార్జర్, బయటి మానిటర్, కీబోర్డ్, మౌస్ ఉంటే మూత వేసినా నడుస్తుంది. అవేవీ లేకుండా కావాలంటే ‘సుడో పీఎంసెట్ -ఎ డిసేబుల్‌స్లీప్ 1’ ఉంది. ఇది అన్ని రకాల నిద్రనూ ఆపేస్తుంది, మీరు మళ్లీ 0 పెట్టేదాకా ఆగదు. మన గీటురాయి మీద ఇది సున్నా.

లినక్స్‌లో మూత దగ్గర తమాషా మెలిక ఉంది. పైన స్లీప్‌ను ఆపాం కదా, మూత వేసినా ఆగాలి అనిపిస్తుంది. ఆగదు. మూత, పవర్ బటన్‌ల సంగతి చూసుకునే లాగిన్‌డీలో ‘లిడ్‌స్విచ్‌ఇగ్నోర్‌ఇన్‌హిబిటెడ్’ అనే సెట్టింగ్ మొదటి నుంచీ ‘యెస్’గా ఉంటుంది, అంటే మూత వేసినప్పుడు మామూలు స్లీప్ తాళాన్ని అది ఖాతరు చేయదు. ‘--వాట్’ దగ్గర ‘హ్యాండిల్-లిడ్-స్విచ్’ను కూడా చేర్చాలి:

--వాట్=ఐడిల్:స్లీప్:హ్యాండిల్-లిడ్-స్విచ్

మెషిన్ ముందు కూర్చుని కొడితే మామూలుగా ఒప్పుకుంటుంది. ఎస్ఎస్‌హెచ్ ద్వారా, అంటే వేరే మెషిన్ నుంచి వస్తే అనుమతి అడగవచ్చు. మూత వేసి గంటల తరబడి నడపాలంటే గట్టి బల్ల మీద పెట్టండి, పరుపు మీద కాదు. కొన్ని మోడళ్లలో వేడి గాలి కీబోర్డ్ మీదుగానో, మూత మలుపు దగ్గరో బయటికి వస్తుంది, మూత పడితే ఆ దారి ఇరుకవుతుంది. ఫ్యాన్ మోత పెరిగి పని నెమ్మదిస్తే మూత తెరిచి, స్క్రీన్‌ను మాత్రం ఆర్పేయడమే మందు.

ఏ సాధనమూ ఆపలేనివి

విండోస్ అప్‌డేట్ రీస్టార్ట్ ఒకటి. అది స్లీప్ కాదు కాబట్టి అవేక్‌కు సంబంధం లేదు. పెద్ద పనికి ముందు విండోస్ అప్‌డేట్ తెరలో ఒక వారం ‘పాజ్’ పెట్టండి. యాక్టివ్ అవర్స్‌ను గరిష్ఠంగా 18 గంటల దాకానే సాగదీయగలం, రాత్రి పనికి అది పూర్తి రక్షణ కాదు.

బ్యాటరీ అడుగంటితే రెండోది. క్రిటికల్ స్థాయికి రాగానే సిస్టమ్ హైబర్నేట్‌కో (తెరిచి ఉన్నదంతా డిస్క్‌లో దాచి ఆగడం) షట్‌డౌన్‌కో వెళ్తుంది. ఛార్జర్ పిన్ వదులుగా ఉన్నా, సాకెట్ స్విచ్ వేయడం మరిచినా జరిగేది ఇదే. బ్యాటరీ గుర్తు మీద ఛార్జింగ్ బొమ్మ చూసుకుని లేవండి.

వైఫై మూడోది. మెషిన్ మెలకువగానే ఉంటుంది, డౌన్‌లోడ్ మాత్రం ఆగుతుంది. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదాకు ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే టిక్ తీసేయండి. మోడర్న్ స్టాండ్‌బై మెషిన్లలో చాలావాటికి ఆ ట్యాబే ఉండదు. అప్పుడు కేబుల్ వేసుకోవడం తేలిక.

రోజూ రాత్రి 10 నిమిషాల బ్యాకప్ కోసం 8 గంటలు మెలకువ ఎందుకు అనిపించేవాళ్లు టాస్క్ షెడ్యూలర్ వైపు వెళ్లండి. కండిషన్స్ ట్యాబ్‌లో ‘వేక్ ద కంప్యూటర్ టు రన్ దిస్ టాస్క్’ టిక్ పెడితే నిద్రలోంచి లేచి పని చేసుకుంటుంది. అక్కడే ఛార్జర్ ఉంటేనే మొదలుపెట్టు అనే టిక్ ముందే పెట్టి ఉంటుంది, బ్యాటరీ మీద టాస్క్ నడవకపోవడానికి కారణం అదే. ఇలా లేచిన మెషిన్ మనిషి జాడ లేకపోతే 2 నిమిషాల్లోనే మళ్లీ పడుకోవచ్చు. ‘సిస్టమ్ అనటెండెడ్ స్లీప్ టైమౌట్’ అని మామూలుగా తెరలో కనిపించని గడువు ఒకటి ఉంది. అందుకని టాస్క్‌లో మీ ప్రోగ్రామ్‌ను నడిపే బ్యాచ్ ఫైల్‌లోనే ముందు వరుసగా, ‘స్టార్ట్’తో మొదలయ్యేలా అవేక్‌ను 15 నిమిషాల టైమ్-లిమిట్‌తో లేపండి.

అన్నీ పెట్టినా నిద్రపోయిందంటే ఊహించకండి, లాగ్ చూడండి. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్, సిస్టమ్ లాగ్‌లో కెర్నెల్-పవర్ మూలాన్ని వడకట్టండి. ఎస్3 మెషిన్‌లో 42 నంబర్ ఈవెంట్, మోడర్న్ స్టాండ్‌బైలో 506 నిద్రలోకి వెళ్లిన క్షణాన్ని, కారణాన్ని చెబుతాయి. కారణం దగ్గర మూత లేదా బటన్ అని ఉంటే సాధనాన్ని తిట్టి లాభం లేదు. ఐడిల్ అని ఉంటే విన్నపం అసలు అందలేదు, లేదా బ్యాటరీ మీద ఉండగా కొట్టేశారు. ఆ వడపోత తీసేశాక 1074 కనిపిస్తే (దాని మూలం యూజర్32) అది రీస్టార్ట్ లేదా షట్‌డౌన్, ఎవరు అడిగారో అందులోనే పేరు ఉంటుంది. 41 అంటే కరెంటు పోయినట్టో, మెషిన్ గడ్డకట్టినట్టో. మ్యాక్‌లో ‘పీఎంసెట్ -జి లాగ్’లో ‘క్లామ్‌షెల్ స్లీప్’ అంటే మూత, ‘ఐడిల్ స్లీప్’ అంటే పట్టుకున్నవాళ్లు లేరని. లినక్స్‌లో ‘జర్నల్‌సీటీఎల్ -బి’లో ‘లిడ్ క్లోజ్డ్’ అన్న వరుస వెనకే సస్పెండ్ వరుస వచ్చిందేమో చూస్తే చాలు.